ఈ టైర్లే

హలో… ఆ, నేనే వదినా. … వస్తున్నా, వస్తున్నా. తోటకొచ్చే దారిలోనే ఉన్నా.

ఎక్కడంటే… వంతెన దాటాను. … అంటే, దాటబోతున్నా.

హారన్లా? అవి పక్కనుంచి పోయే లారీలవి. … కాసేపు ఆగాను. టీ తాగుదామని.

అబద్ధమెందుకు చెప్తాను? … సరే. టీ లేదు, గీ లేదు. రోడ్డు పక్కన ఆపేశాను.

నాకేం కాలేదు. … నీ తేనెటీగలూ బానే ఉన్నాయి. పెట్టెలు కదల్లేదు, పైన వల ఊడలేదు. … నీడలోనే పెట్టాను ట్రైలర్ని. నీళ్లు కూడా చల్లాను. లోపల రొద మాత్రం పెరిగింది. నన్నే తిడుతున్నాయి కాబోలు.

తెలుసు వదినా. ఎండ ముదిరితే మూసిన పెట్టెల్లో ఉడికిపోతాయి. తెలుసు.

ఏమైందంటే… ట్రైలర్ ఊగుతోంది.

… మామూలు ఊగడం కాదు. దిగుడులో కొంచెం స్పీడందుకుందో లేదో, అటో ఊపు, ఇటో ఊపు. పికప్‌ని నేను నడుపుతున్నానా, వెనకనుంచి అదే నన్ను నడుపుతోందా తెలియలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని…

… లేదు, బ్రేకు తొక్కలేదు. ఊగినప్పుడు బ్రేకు జోలికి పోకు, యాక్సిలరేటర్ వదిలెయ్ అన్నావుగా. నీ మాట అదొక్కటైనా విన్నాను.

బరువు సరిగ్గానే సర్దాను, ముందు వైపుకే. … హుక్కూ గట్టిగానే ఉంది. … గాలి చూశాను, బానే… వదినా, నువ్విలా ఒక్కొక్కటే అడుగుతుంటే నాకు…

టైర్లు.

… ఆ, కొత్తవే. నిన్నే పికప్‌కి మార్పించాను. నువ్వే కదా మార్పించమన్నావ్.

సైజా? … ఇరవై.

హలో? … ఉన్నావా?

ఇరవై అంగుళాల రిమ్ము. … పాతవి పదిహేడని తెలుసు. … ఆ ఇనుప రిమ్ములు తీయించేసి… మెరిసేవి వేయించాను. … టైరా? పల్చగానే ఉంది. రిమ్ము పెద్దదైతే చుట్టూ రబ్బరు తగ్గుతుంది కదా. … అవును. కారు టైర్లే.

… 'పైన పటారం, లోన లొటారం'… అను వదినా, ఇంకా అను. నోరారా తిట్టు.

… ఆ, అదే జరిగింది. మొత్తమ్మీద చక్రం ఎత్తు పెరిగింది, హుక్కు పైకి లేచింది, ట్రైలర్ ముక్కు ఆకాశం చూస్తోంది. దానికి తోడు కుడి వెనక టైరుకి పక్కన బుడిపె లేచింది. నిమ్మకాయంత. … లేదు, ఇక అంగుళం కూడా కదపను. ఒట్టు.

స్టెప్నీ ఉంది కానీ, అది పాత సైజుది. ఈ బండి మొత్తానికి సరైన టైరు అదొక్కటే.

ఎందుకు వేయించానంటే… నువ్వే అన్నావుగా! షాపులోంచి ఫోన్ చేస్తే, 'ఈ టైర్లే వెయ్యి, ఇంకోటి వద్దు' అన్నావు. అప్పటికే నీకు ఫోటో పంపాను నేను. … చూడలేదా? … నేనేమో నువ్వు ఫోటో చూసే 'ఈ టైర్లే' అన్నావనుకుని…

… ఏంటీ? … ఇంగ్లీషు ఈ?

… ఏ, బీ, సీ, డీ, ఈ… ఎక్కువ బరువు మోసే రకమా. … టైరు పక్కనే అక్షరం వేసుంటుందా. … ఓహో.

నవ్వుతున్నావా? … నవ్వకు వదినా. నువ్వు నవ్వితే నాకు ఇంకా… దయచేసి నవ్వకు.

తప్పు నీదెలా అవుతుంది? … విడమరిచి చెప్పలేదంటావేంటి? … వద్దు. అలా అనకు.

ట్రాక్టరా? … తోటాయన పంపిస్తాడా? … హమ్మయ్య. మెల్లగా లాక్కొచ్చినా ఎండ ముదిరేలోగా చేరతాం. … చల్లుతూనే ఉంటాను. ఒక్క పెట్టె కూడా పోనివ్వను.

… వదినా, అక్కడెవరు అరుస్తున్నారు?

అన్నయ్యా? … లేదు, నాకు వినబడుతూనే ఉంది. 'నీకెందుకు బండ్ల సంగతి' అంటున్నాడు. … పెట్టెలు అమ్మి పారేద్దామంటున్నాడా? ఉన్నట్టుండి ఎందుకలా… నువ్వేం చెప్పావు ఆయనకి?

నీ పొరపాటని చెప్పావా?

… తోటాయన ముందేనా?

అయ్యయ్యో. ఎందుకలా చెప్పావ్ వదినా… 'వాణ్ని తిట్టించడమెందుకని' ఏంటి? నేనేమన్నా పాలు తాగే పిల్లాడినా?

ఆగు. పెట్టెయ్యకు. ఒక్క మాట.

నాకు తెలుసు.

… ఈ అంటే ఏంటో. నిన్ననే తెలుసు. నువ్వు మాట్లాడినప్పుడు ఫోను స్పీకర్లోనే ఉంది కదా, టైర్ల మేస్త్రీ కూడా విన్నాడు. 'మీ వదినగారు చెప్పింది ఈ రకం, ఇవి కారువి, ట్రైలర్ లాగే బండికి పనికిరావు' అన్నాడు. అక్షరం మీద వేలు పెట్టి మరీ చూపించాడు. నేనే… 'మా వదిన చెప్పినవి ఇవే, బిగించు' అన్నాను.

… ఎందుకంటే… ఏం చెప్పను? మా స్నేహితులు నన్నేమని పిలుస్తారో తెలుసా? స్టెప్నీ. అన్నయ్యకి కుదరనప్పుడు తగిలించే చక్రమట. ఒక్కసారైనా నేను బండి దిగుతుంటే వాళ్లు నోళ్లు వెళ్లబెట్టాలనిపించింది. … ఆ, వెళ్లబెట్టారు. పొద్దున పని గట్టుకుని వాళ్ల ముందునుంచే తిప్పుకొచ్చాను. దానికోసం నీ ఈగల్ని పణంగా పెట్టాను. పైగా ఇందాక నీ ముందు ఏమీ తెలియనట్టు 'ఓహో' అన్నాను చూడు… సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా. తల కొట్టేసినట్టుంది.



… 'సరేలే, మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు' అంటావా? … నీ మీదే ఉండనీ అంటావా? ఇన్నేళ్లు ఈ ట్రైలర్ని గీత పడకుండా లాగావు. నాకు నేర్పిందే నువ్వు. రేపట్నుంచి ఆయన నీ చేతికి తాళమివ్వడు, తెలుసా?

వద్దు. అన్నయ్యకివ్వు ఫోను. … కోపంలో ఉంటే ఉండనీ. … తోటాయన అక్కడే ఉన్నాడా? అయితే స్పీకర్ పెట్టు. … పెట్టు వదినా, నీకు దండం పెడతాను.

… అన్నయ్యా. ముందు నేను చెప్పేది విను, తర్వాత ఎంతైనా తిట్టు. … వదిన సరిగ్గానే చెప్పింది. నాకు అర్థమైంది కూడా. కావాలనే వేరేవి వేయించాను. … ఆ, కావాలనే. షోకుకి. … ఇందాక తనతో అబద్ధం చెప్పాను, తను నమ్మి తన మీద వేసుకుంది.



… నన్ను తర్వాత కొడుదువుగాని. ముందు తనకి తప్పైందని చెప్పు. అందరి ముందూ అన్నావుగా, అందరి ముందే చెప్పు. … నేనా? నేనూ చెప్తాను. ఫోను తనకివ్వు.

… వదినా, నేను… నన్ను…

హలో?

… పెట్టేసింది.