స్టైన్‌వోర్ వదిన సగం పద్యం

కష్టకాలంలో కవిత్వం దేనికా? అల్దా పిల్లా, నీ కాలేజీలో ఇలాంటివే అడుగుతారా? ఆ కాఫీ ఇటు జరుపు. మా వదిన స్టైన్‌వోర్‌ని అడిగుంటే చెంప పగలగొట్టేది. రేవులో రేడియో దగ్గర కూర్చునేదిలే, పడవలతో మాట్లాడే ఉద్యోగం. ఆ చలికాలం రెండు పడవలు తుఫానులో చిక్కుకున్నాయి. ఒకదాంట్లో నేను, రెండోదాంట్లో మా అన్న ఓడ్డుర్, అదే, ఆవిడ మొగుడు. పడవంతా మంచు పేరుకుపోతోంది. సుత్తులతో కొట్టి రాల్చకపోతే బరువుకి బోల్తా పడుద్ది. మేమేమో చేతులు పడిపోయి కూలబడ్డాం. ఇంతలో రేడియోలో ఈవిడ గొంతు! గాలి సంగతి చెబుతుందనుకున్నాం. పద్యం చదివింది, నా తల్లి!

'మంచు కొట్టమంటే మావాళ్ళకి మునివేళ్ళు నొప్పంట,
ముసుగుతన్ని మూలిగేవాళ్ళకంటే ముసలమ్మలే మేలంట...'

అంతే, ఆపేసింది! ఇక్కడ పైసగం ఒకరు విసిరితే కిందిసగం ఎదుటివాడు కట్టాలి కదా. కట్టకపోతే మనిషే కాదన్నట్టు చూస్తారు. ప్రాణాలు పోతుంటే ఇదేం పిచ్చి? మా వంటవాడు బండబూతులు తిడుతూ లేచి, సుత్తి దెబ్బకో మాట చొప్పున జవాబు కట్టాడు. వాడి వెనక మేం. అట్లా వదిన విసురుతూనే ఉంది, మేం తిడుతూ కొడుతూనే ఉన్నాం. ఒడ్డున పడ్డాం.

అన్నకీ విసిరింది.

'పొయ్యి మీద చేప ఉడికింది, పొద్దు కిటికీ దాటింది,
పళ్ళేలు రెండూ పెట్టాను, పలకవేం, ఎంతసేపంట...'

జవాబు రాలేదు. పడవా రాలేదు. ఇక చూడు మా తిప్పలు! సగం పద్యం గాల్లో వేలాడుతుంటే ఈ ఊళ్ళో నిద్రెవడికి పడుద్ది? చర్చిలో పాస్టరుగారు పాపం మంచి మనసుతో పూర్తి చెయ్యబోతే, 'కూర్చోండి అయ్యగారూ, అది ఓడ్డుర్‌ది' అని కసిరేసింది. అందరి ముందూ! ముసలిదయ్యేదాకా అదే మంకుపట్టు. నాకేమో స్నానం చేస్తుంటే ఒకటి, వల అల్లుతుంటే ఒకటి, మంచి మంచివి తోచేవి. మింగి చచ్చాను.

ఆఖరికి ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, 'ఇంక నువ్వు చెప్పు ఐవిందుర్, విని పోతాను' అంది. ఇన్నేళ్ళు పోయాక! అప్పుడా అడిగేది? అన్నీ నాలిక చివరే ఉన్నాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు. 'అది వాడిది వదినా' అన్నాను. కళ్ళు మూసుకుంది. నవ్విందో ఏమో, నాకు...

ఏయ్, నీ పెదాలు కదులుతున్నాయి. వద్దు, ఆ కిందిసగం చెప్పకు. కాఫీ తాగు.