ఎడమ పక్క ఆవిడ

మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోట, మెర్డెకా నాటి, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాటి సాయంత్రం. కూలీల లైను ఇంట్లో పైడయ్య సగం మీసంతో, సగం మొహానికి పసుపు రంగుతో పీట మీద కూర్చుని ఉన్నాడు. పెళ్లాం పాపాయి ఆటకి కట్టాల్సిన చీరను ఒళ్లో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది, లేవమంటే లేవదు.

“కట్టను.”

“కట్టనంటే ఎలగే పాపాయీ? ఎడమ పక్క సీర ఇంట్లో ఆడమనిసి సేత్తోనే కట్టాల. మా అయ్య కాలం నుంచీ అదే పద్దతి. నువ్వు కట్టకపోతే ఆట నేదు.”

“నేకపోతే మానె. తెల్లోడి జెండా దించేసినారు, మన రాజ్జెం వచ్చేసినాది. నీ ఆటతో ఇంకేటి పని?”

“అందుకే కదే ఈ ఆట. ఇన్నేల్లూ పొద్దు గూకితే ముల్లకంచె లోపల తలుపులేసుకు కూకున్నాం. ఇయ్యాలే గేటు తెరిచి పెడతామన్నారు. పక్క తోటోల్లు కూడా వచ్చి కూకున్నారు.”

“కూకోనీ. ముందు అదెవరో సెప్పు.”

“ఏది?”

“నీ ఎడమ పక్కది.”

“అమ్మోరే. కుడి పక్క అయ్యోరు, ఎడమ పక్క అమ్మోరు, ఇద్దరిదీ ఒకే ఒల్లు. నీకు తెలీదేటి?”

“అయ్యోరి సంగతి నానడగనేదు. అయ్యోరు నువ్వే. గంజిలో ఉప్పు నేదని నా మీద అరిసినట్టే అరుస్తాడు. ఎడమ పక్కకి తిరిగినావా, ఇంక నువ్వు నేవు. మెడ వంచుతావు, జడ కొస వేలికి సుట్టుకుంటావు, నవ్వీ నవ్వకుండా కింద పెదవి పట్టుకుంటావు. ఏ అమ్మోరు నేర్పినాది నీకు?”

“ఆటన్నాక...”

“ఆటనకు. నా పెల్లి సీర కట్టుకుని నా కంటే బాగుంటావట. పక్కింటి మీనాచ్చి అంటాది, నీ మొగుడు కట్టినప్పుడే ఆ సీరకి అందమొచ్చిందే అని. నా మొకం మీదే అంటాది. ఎవుర్ని సూసి నేర్సుకున్నావు?”

“ఎవుర్నీ సూడనేదు.”

“రాసమ్మని సూడనేదూ?”

“ఏ రాసమ్మ?”

“ఓలమ్మ, ఏ రాసమ్మట. గేటు కాడ ఆడోల్ల మూటలు ఎతికే రాసమ్మ. అడవిలో దాక్కున్న తుపాకులోల్లకి బియ్యం మోస్తన్నామేమో అని పొద్దున్నే మా ఒల్లంతా తడిమే రాసమ్మ. తోటకి ఒక్కతే రాసమ్మ.”

“ఆవిడతో నాకేటి? మగోల్ల వరస ఏరు, ఆడోల్ల వరస ఏరు.”

“మరి ఆదోరం పొద్దున్న ఏటయినాది?”

“ఏటీ అవనేదు. సెప్పినాను కదా.”

“నువ్వు సెప్పింది కాదు, ఆడోల్ల వరసలో నిలబడ్డ కాళియమ్మ సెప్పింది నాను సెప్తాను, ఇను. ఆటకని మొక్కుకుని ఎడమ మీసం తీసీసి గేటుకెల్లినావు. గుర్తింపు కార్డు మీద ఫోటోకి నిండా మీసం, మొకానికి సగం మీసం. పోలీసోడు ఫోటో మీద బొటనేలు పెట్టి సగం మూసి సూసినాడట. నీ మొకానికి అరసెయ్యి అడ్డం పెట్టి సూసినాడట. ఈ మనిసి ఆ మనిసేనో కాదో, ఏ వరసలో నిలబెట్టాలో తెలీక తల గోక్కున్నాడట. అప్పుడా రాసమ్మ వచ్చి, అన్నా, కుడి పక్క నువ్వెతుకు, ఎడమ పక్క నానెతుకుతాను అన్నాదట. రెండు వరసలూ నవ్వినాయట. నువ్వూ నవ్వినావట.”

“నవ్వక ఏడవమంటావేటి?”

“ఎలగ నవ్వినావో కూడా సెప్పినాది కాళియమ్మ. మెడ వంచి, కింద పెదవి పట్టుకుని నవ్వినావట. అది రాసమ్మ నవ్వు కాదేటి?”

“ఆ నవ్వు రాసమ్మది కాదు పాపాయీ.”

“మరెవరిది?”

“రంగు ఆరిపోతన్నాది. బేగి కట్టీ.”

“ఎవరిది?”

“సెప్తే నవ్వుతావు.”

“నాకు నవ్వొచ్చే రోజు కాదిది.”

“నాదే.”

“నీ నవ్వు నాకు తెల్దా? ఇన్నేల్లు కాపరం సేసినాను. నువ్వు నవ్వితే నాలుగిల్ల అవతలికి ఇనబడతాది.”

“అది కుడి పక్కది. ఇది... ఎలగ సెప్పాలో తెలీదే. నాను ఆడమనిసిలాగ సేస్తన్నానని మీరంతా అనుకుంటారు. నానేటీ సెయ్యను. పక్కకి జరిగి దారిస్తాను, అంతే. ఆవిడ వస్తాది.”

“ఎక్కడినుంచి వస్తాది?”

“నాలోంచే. సిన్నప్పటి నుంచీ ఉన్నాది. రోజూ సెట్టు గీస్తావు కదా, పైకి సూస్తే ఉత్త బెరడు. కత్తి తగిలితే పాలు. ఆ పాలు ఎవుర్ని సూసి నేర్సుకున్నావని సెట్టుని అడుగుతావా?”

“మరి ఆవిడొచ్చినప్పుడు నువ్వెక్కడుంటావు?”

“ఇక్కడే. కుడి పక్కన. ఆవిణ్ణి సూస్తా ఉంటాను.”

“సూస్తా ఉంటావా. ఎలగుంటాది?”

“బాగుంటాది.”

“నా కంటేనా?”

“ఇదిగో, ఇందుకే సెప్పనన్నాను.”

“సెప్పీసినావు కదా, ఇంక పూర్తిగా సెప్పు. నీకు ఆవిడ సాలేటి?”

“అదేం మాట?”

“మొన్న పందిట్లో మీరు ఆట అలవాటు సేస్తంటే సూసినాను. అయ్యోరు అలిసిపోయి కూలబడ్డాడు. నువ్వు ఎడం సేత్తో, గాజులేసుకున్న సేత్తో, నీ కుడి సెంప మీద సెమట తుడిసినావు. ఎంత మెల్లగా తుడిసినావో మావా. మీనాచ్చి కొంగుతో కల్లు ఒత్తుకున్నాది. నాకు ఒల్లు మండిపోయినాది.”

“ఎందుకే?”

“కిందటి వానల్లో నాకు జొరమొస్తే ఏటి సేసినావు?”

“తోట ఆస్పత్రికెల్లి మాత్రలు తెచ్చినాను. వానలో తడుసుకుంటా ఎల్లినాను.”

“తెచ్చి, గుమ్మం కాడ నిలబడి, ఏసుకున్నావా అన్నావు. అంతే. నుదుటి మీద సెయ్యేసినావా? నీ సెంప నువ్వే తుడుసుకుంటావు. నీ మాటకి నువ్వే సిగ్గుపడతావు. నీ అలక నువ్వే తీర్సుకుంటావు. మొగుడూ నువ్వే, పెల్లామూ నువ్వే. మరీ ఇంట్లో నానెవుర్ని? సీర కట్టడానికి పెట్టుకున్న మనిసినా?”

“సెయ్యెయ్యాలనే ఉంటాది పాపాయీ. లెగదు. గుమ్మం దాటి రాదు నాకు. ఆవిడకైతే ఎలగో వస్తాది.”

బయట నుంచి మద్దెల వాయించే గోపాలసామి గొంతు వినబడింది.

“అన్నా, అయిందా? కంగాణీ మేస్త్రీ కూడా వచ్చి కూకున్నాడు. వదినా, బేగి కానీ.”

“ఆట నేదని సెప్పీ గోపాలసామీ.”

“ఏటన్నా?”

“నేదని సెప్పు. నాకు ఒల్లు బాగోనేదని సెప్పు. పాపాయీ, ఆ కత్తి ఇటియ్యి. కుడి మీసం కూడా తీసేస్తాను, రెండూ ఒక్కసారే మొలుస్తాయి. ఇంక ఆవిణ్ణి రానివ్వను. నీ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టెయ్యకు.”

“మరి నీకేటి గావాల?”

“ఒక్కటి సెప్పు. ఆవిడ రాసమ్మది కాదు కదా?”

“కాదు.”

“సినిమా డేరాలో సూసినది కాదు. మీ సుట్టాల్లో ఎవురిదీ కాదు.”

“నాదే అంటన్నాను కదా.”

“గోపాలసామీ, ఎల్లి మద్దెల కొట్టు. వస్తన్నాడు. లెగు మావా, ఎడం సెయ్యెత్తు.”

“కోపం పోయినాదా?”

“పోనేదు. కదలకు, కుచ్చిల్లు జారిపోతన్నాయి.”

“ఆవిడ మీద అంత కోపమైతే...”

“ఆవిడ మీదని ఎవరన్నారు? అక్కడ పందిట్లో కూకున్నారే, ఆల్ల మీద. కంగాణీ మీద, మీనాచ్చి మీద, ఆ రాసమ్మ మీద. ఆవిణ్ణి ఆల్లకి సూపించేసి, రంగు కడిగేసుకుని, నువ్వొక్కడివే ఇంటికొస్తావు. ఎన్నిసార్లు కట్టి పంపినాను, ఒక్కసారి తీసుకొచ్చినావా?”

“ఎవుర్నే?”

“ఆవిణ్ణే. ఇయ్యాల ఆటయ్యాక మొకం కడుక్కోకు. గాజులు తియ్యకు. అలగే రా.”

“నీకేటయినాదే?”

“ఇప్పుడేటీ అవనేదు. అప్పుడే అయినాది. మా తోటకి మీరు ఆటకొచ్చినప్పుడు మగోల్లు నీ కుడి పక్క కూకున్నారు, ఆడోల్లం ఎడమ పక్క కూకున్నాం. నువ్వు మద్దిలో నిలబడి ఆల్లకి ఒక సగం, మాకు ఒక సగం సూపించినావు. తెల్లారి మా అయ్య, ఆ ఆటగాడికి నిన్నిచ్చెయ్యనా అనడిగితే ఊ అనీసినాను. నాను ఊ అన్నాది ఆవిణ్ణి సూసి మావా. నిన్ను పెల్లిపీటల మీదే మొదట సూసినాను.”