నడిమి స్థానం

బ్యాంకాక్ నగరం; వాట్ అరుణ్ గుడి మెట్ల దగ్గర మధ్యాహ్నపు ఎండ. అద్దె పట్టు, అద్దె కిరీటం ధరించి, వియత్నాంలోని సాదెక్ ఊరి బడిలో ముప్పయ్యేళ్ళు చరిత్ర బోధించి విరమించిన థోవాగారు మహారాణివలె కొలువుదీరి ఉన్నారు. పక్కన చెప్పులు విడిచి పాదాలు నొక్కుకుంటున్న చెల్లెలు దియెమ్. ఎదుట పచ్చజెండాతో, వియత్నాం యాత్రికుల దండుకు సేనాని అయిన గైడు ఖాయ్.

"...అయినా సరే, ఇంకొక్కటి. ఒక్క ఫోటో దిగి బస్సెక్కేద్దాం."

"అక్కా, నా కాళ్ళు నావి కావు. ఫ్నోమ్ పెన్‌లో రాజభవనం, లువాంగ్ ప్రబాంగ్‌లో కొండమీద గుడి, ఇక్కడ ఇది. బుద్ధుడు ఎక్కడైనా హాయిగా కూర్చునే ఉన్నాడు. నిలబడి చస్తున్నది మనమే."

"పడుకున్న బుద్ధుణ్ణి కూడా పొద్దున చూశావు కదే."

"చూశాను. అసూయ పుట్టింది."

"మహాసామ్రాజ్యాల ముంగిట నిలబడి కాళ్ళనొప్పులు ఏకరువు పెట్టేవాళ్ళని చరిత్ర క్షమించదు, దియెమ్."

"నిన్న ఆ మహాసామ్రాజ్యపు అన్నం మీద, సంచిలోంచి మన నూక్ మామ్ చేపరసం సీసా తీసి చల్లుకున్నది ఎవరో?"

"అది దౌత్యం."

"పిన్నిగారూ, మీరు నీడలోకి రండి. ఇంటికెళ్ళగానే ఆపరేషనట కదా, ఎండ తగలకూడదట."

"నీకెవరు చెప్పారు, ఖాయ్?"

"పెద్దమ్మగారే. బస్సులో అందరికీ చెప్పారు."

"చెప్పదూ మరి! మైకు కూడా అడిగి ఉంటుంది."

"కబుర్లు తర్వాత. ఖాయ్, అదిగో ఆ ఎర్రటోపీ అమ్మాయిని పిలువు. మాతో నిలబడుతుంది. వాళ్ళాయన ఫోటో తీస్తాడు."

"మీరిద్దరూ, ఆవిడా... ముగ్గురా, పెద్దమ్మగారూ?"

"పరవాలేదు, లెక్కలు బాగానే వచ్చు నీకు."

"అది కాదండీ. ముగ్గురు కలిసి దిగితే నడుమ నిలబడ్డవాళ్ళు ముందు పోతారని మా అమ్మ..."

"మూఢనమ్మకం. పిలువు, పిలువు."

"విన్నావా, ఖాయ్! నా పెళ్ళినాడు, నేనూ మా ఆయనా తనూ ముగ్గురం అవుతామని, వీధిలో పోయే ఐసుబండివాణ్ణి లాక్కొచ్చి నిలబెట్టింది ఈ మహాతల్లే. ఫోటోలో మా ఆయన ఎప్పుడో వెలిసిపోయాడు. ఐసువాడు మాత్రం ఇప్పటికీ గోడమీద నవ్వుతున్నాడు."

"అప్పుడంటే చిన్నతనం."

"నిరుడు తమ్ముడి కొత్త పడవ ముందు కూడా చిన్నతనమేనా? నాలుగోవాళ్ళు దొరక్క కుక్కని చంకనెత్తుకున్నావు."

"మనిషన్నాక మారతాడు. యాత్రలవల్ల జ్ఞానం వస్తుంది."

"ఏ ఊళ్ళో వచ్చింది?"

"బస్సుకి వేళవుతోంది."

"ఏ ఊళ్ళో వచ్చింది, అక్కా? ఫ్నోమ్ పెన్‌లో ఆ కొరియావాణ్ణి లాగావు. లువాంగ్ ప్రబాంగ్‌లో ఆ కర్రపట్టుకున్న ముసలాయన్ని. ప్రతిచోటా ఎవర్నో ఒకర్ని పట్టుకురావడం, నడుమ నువ్వు వెలగడం!"

"నడుమ నిలబడితే సన్నగా పడతాను."

"అక్కా."

"కిరీటం బరువుగా ఉందే. మాట్లాడించకు."

"ఇటు చూడు."

"తల తిరగదు దీంతో."

"ఆరోజు డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి నీకేం చెప్పాడు?"

"ఏవో చెప్పాడు. వాళ్ళు ఏవో చెబుతూనే ఉంటారు."

"అక్కా!"

"ఆ ఆపరేషను గదిలోకి వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రారన్నాడు. సరేనా? మనిద్దరిలో ఒకళ్ళు ముందు పోవాలంటే, పెద్దదాన్ని నేను. చెప్పాల్సిన చరిత్రంతా చెప్పేశాను. వరస తప్పడం నాకు గిట్టదు."

"కళ్ళజోడు పెట్టుకో."

"ఫోటోకి కళ్ళజోడు దేనికే?"

"పెట్టుకో. ఇదిగో నా ఫోను. ఒక్కసారైనా చూశావా ఈ ఫోటోలు?"

"నా లావు నేను చూసుకోవడమెందుకని... ఇది రాజభవనం. ఏమే, నడుమ నువ్వున్నావేం?"

"తర్వాతది చూడు."

"ఇందులోనూ నువ్వే! నీకూ ముసలాయనకీ నడుమ నిలబడ్డాను కదా నేను?"

"నిలబడ్డావు. కళ్ళజోడు తీస్తే నీకు ఏనుగు కూడా ఆనదు. ఫోటో తీసేవాళ్ళు మూడు అనేలోగా ముసలాయన్ని వెనకనించి నా ఇవతలి పక్కకి లాగేశాను. పాపం, కర్ర జారి తూలిపోయాడు."

"ప్రతి ఊళ్ళోనా?"

"ప్రతి ఊళ్ళోనూ. పోయేదాన్ని నేనుండగా, నీకెందుకే తొందర?"

"ఈ కళ్ళజోడేమిటే, మసకేసింది."

"ఏడవకు. అద్దె పట్టు, మరకైతే ఊరుకోరు."

"పెద్దమ్మగారూ, ఎర్రటోపీ ఆవిడ వచ్చేసింది. ఎవరెక్కడ నిలబడతారు?"

"ఆ జెండా కింద పడేసి నువ్వూ రావయ్యా, ఖాయ్. నలుగురం కావాలి."