పై వాటా పాట

వేసవి సంగీతోత్సవంలో ఊరూపేరూ లేని బ్యాండ్లన్నీ విని, చివరికో ఆణిముత్యాన్ని ఏరినట్టు మురిసిపోతూ, పళ్ళ డాక్టరు వేదిక దిగి వస్తున్న డ్రమ్మరమ్మాయికి ఎదురెళ్ళాడు. ఆమె మొహం నిండా వెండి రంగు.

“మిమ్మల్ని కనిపెట్టింది నేనేనమ్మా. ఆ రెండో పాటలో దబ్ దబ్ దబ్‌మని మూడు దెబ్బలు పడి, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయే, ఒళ్ళు ఝల్లుమంది.”

“అది అందరికీ నచ్చుతుందండీ.”

“మా పై వాటాలోనూ ఉన్నారు, పొద్దస్తమానం బాదుడే. చీపురు కర్రతో సీలింగు పొడిచీ పొడిచీ నా భుజం పట్టేసింది.”

“తెలుసు డాక్టరుగారూ.”

“డాక్టరునని నీకెవరు చెప్పారు?”

అమ్మాయి రుమాలుతో రంగు తుడుచుకుంది. పై వాటా అమ్మాయే! డాక్టరు నాలుక కరుచుకున్నాడు.

“ఆ మూడు దెబ్బలు మీవేనండీ. మీరు పొడవగానే మేం ఆపేసేవాళ్ళం కదా, అలా ఆగితేనే బాగుందని పాటలో పెట్టేశాం.”

“ఇంట్లో ఊరికే వినిపిస్తే కర్ర పట్టుకున్నా. ఇక్కడ టికెట్టు కొని మరీ చప్పట్లు కొట్టా.”

“ఓనరుగారు ఖాళీ చెయ్యమన్నారండీ. కొత్త పాట సగంలో ఉంది.”

“ఆ ఫిర్యాదు నాదే. ఇవాళే వెనక్కి తీసుకుంటా. మీరు పాట పూర్తి చెయ్యండమ్మా. కింద నేను భుజానికి నూనె రాసుకుని సిద్ధంగా ఉంటా.”