తంగేడు పూల రసం

యూనివర్సిటీకి తిరిగి పోయేలోగా సరళకు చేయాల్సిన పనులున్నాయి: షుగరుతో చూపు మందగించిన కుళ్లాయప్ప మామను కంటి ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఆ పొద్దుకు గొర్రెల వెంట పోయే మనిషిని చూడాలి, అన్నిటికంటే ముందు మారెక్క అత్తను ఒప్పించాలి. ముదిగుబ్బ దగ్గరి ఆ ఇంట్లో పనంతా అత్త దగ్గరే ఆగిపోయింది.

"ఆసుపత్రి ఎందుకమ్మే? తంగేడు పూలు కంటికి మంచివని పేపర్లో నువ్వే చెప్పినావంట. గట్టు నిండా తంగేడే గదా."

"అట్ల చెప్పలేదత్తా. పూలలోంచి ఫ్లేవనాయిడ్ అనే పదార్థం తీసినాము. మనిషి కంటి లోపలి పొర కణాలను గాజు గిన్నెలో పెంచి, వాటికి అది పోస్తే కొంచెం తక్కువ చచ్చినాయి. అంతే."

"తక్కువ చచ్చినాయా. దీనికా మీ నాయన ఎండలో మాడి నిన్ను చదివించింది?"

"నవ్వుకో. టీ కింద పోతాండాది, చూసుకో."

"గ్లాసు నువ్వే జరిపింటావు. ఆ గిన్నెలోవి యవరి కండ్లు?"

"చనిపోయినాక దానమిచ్చినోళ్లవి."

"బాగుండాది. సచ్చినోళ్ల కండ్లకు పూల మందు, బతికినోళ్లకు బస్సు టికెట్టు."

"అత్తా, మామ కంట్లో ఆ పూల రసం పోసినావా?"

"మేము గొర్రెలు కాసేటోళ్లం, గొర్రెలం కాదు."

"పోసినావా, లేదా?"

"కొత్త మందొస్తే గొర్రెలన్నిటికీ పోస్తామా? ముందు ఒకదానికి పోసి చూసి, బాగుంటేనే తక్కినవాటికి. మీ గిన్నెల సదువు లేకపోయినా ఆ మాత్రం తెలుసులే."

"అయితే మామకు పోయలేదు. బతికిస్తివి. మరి దేనికి పోసినావు?"

"ఒకదానికి."

"ఎట్లుండాది దాని కన్ను?"

"ఎర్రగుండాది. నీళ్లు కారుతాండాది. పోయి పేపరోళ్లకు చెప్పు."

"చూపు?"

"మసక."

"యాడుండాది? దొడ్లోనా? నేను చూస్తాను."

"దొడ్లో ఎందుకుంటాది."

"అత్తా, పొద్దున్నుంచి ఆ కొంగు మొగానికి ఎడమ పక్కనే కప్పుకున్నావు. ఇట్ల తిరుగు... అయ్యో, అత్తా."

"అరవొద్దు, మామ వింటాడు. చూపు పోతాందని గొర్రె నోరు తెరిచి చెప్తాదా? అందుకే నాకు నేనే పోసుకొంటి. ఆయప్పతో పాటు నాకూ టికెట్టు తియ్యి. ఈసారి పేపర్లో నీ ఫోటో పడితే, గిన్నెలో కండ్లనే గాదు, ఈ మారెక్కను కూడా రోంత గుర్తుపెట్టుకోమని చదివేటోళ్లకు చెప్పు."