మూడో గ్లాసు రంగు

"మెల్లగా మాట్లాడు ఈరప్ప బావా, లోపల ఆంజినమ్మ ఉండాది."

"మెల్లగానే గదప్పా వెంకటేశులూ చెప్తాండా. ఆ మొదటి గ్లాసు నోట్లో పడతానే నాకేమనిపిచ్చిందో తెలుసునా? ఎండకు కాలిన బండమీద తొలి చినుకు పడితే ఒక వాసన లేస్తాది చూడు. అచ్చం అదే."

అది ధర్మవరంలో వెంకటేశులు ఇల్లు, ఆయన భార్య ఆంజినమ్మ జొన్నరొట్టెలు తట్టే వేళ. నాలుగు మగ్గాల ఆసామి వెంకటేశులు చేతిలో పాండిచ్చేరి ఉత్తరం ఉంది. ఎదురుగా, ముప్పై ఏళ్లుగా ఆ మగ్గాల పట్టుకు రంగులు వేస్తున్న ఈరప్ప గోడకు ఆనుకొని కూర్చున్నాడు. పోయిన నెల ఇద్దరూ పట్టు చూపించడానికి వెళ్లిన ఫ్రెంచి దొరసాని ఇంటి నుంచే ఆ ఉత్తరం. సర్కారు సారా బందు చేసిన కాలం కాబట్టి, ఇద్దరూ గొంతులు తగ్గించారు.

"వాసన వద్దు బావా. రంగు చెప్పు, రంగు."

"చెప్తా, చెప్తా. రుచి పట్టుకుంటే రంగు దానంతట అదే వస్తాది. రెండోది గుర్తుండాదా? సీసా మూత టపీమని పేలితే నువ్వు బల్ల కిందికి దూరినావే!"

"దూరలేదు. చెప్పు జారితే తీసుకుంటాంటి."

"చెప్పులు వాకిట్లో ఇడిచి పోయినాము గదప్పా!"

"సరేలే! అది షాంపేన్ అంట. నాకైతే గోలీ సోడాలో చింతపులుసు కలిపినట్టుండె. సగం ముక్కులోంచే బయటికొచ్చె."

"అది నీ ముక్కు చేసిన తప్పు. నాకు మొదట పులిసిన దోసెపిండి వాసన. దాని ఎనకాల నిమ్మతొక్క. ఇంక ఆ బుడగలు! పట్టుపురుగులు ఆకు మేస్తాంటే చప్పుడు ఉంటాది చూడు, అట్ల చిటచిట నాలుక మీద…"

"ఏందన్నా, రొట్టెల యాళకు పురుగుల మాట?"

"ఏం లేదమ్మా ఆంజినమ్మా. పాండిచ్చేరిలో దొరసాని ఇచ్చిన షర్బత్తు గురించి మీ ఆయనకు చెప్తాండా."

"ఓ, ఆ షర్బత్తా! అది తాగే గదా, రైల్లో ఇద్దరూ శేరు ఉల్లిగడ్డలు నమిలి వచ్చినారు?"

"ఉల్లిగడ్డ ఒంటికి చలవ లేవే."

"అవునవును. చౌకీలో పోలీసోడు నోరు ఊదమంటే ఇంకా చలవ. తినండి, చల్లారితే తోలవుతాది రొట్టె."

"…పోయిందా బావా?"

"పోయింది. ఆయమ్మకు అంతా తెలుసప్పా."

"తెలిసినా అడగదు, అడిగినా నేను చెప్పను. పదైదేండ్ల సంసారం అట్లనే నడిచింది. ఇంగో, ఉత్తరం మళ్లా చదువుతా, సరిగా విను. యేసన్న మన గుత్తి మనిషై, ఆ ఇంట్లో బట్లరుగా ఉన్నందుకు సరిపోయె, లేకుంటే ఆ ఫ్రెంచి మాటలు మనకెవరు చెప్పల్ల? 'వెంకటేశులు గారికి యేసన్న రాసేది. అమ్మగారి కూతురి పెండ్లికి పదహారు తానుల పట్టు కావాల. రంగు మాత్రం, మీరిద్దరూ ఆ పొద్దు మెచ్చుకున్న మూడో గ్లాసు రంగు. బోర్దో అనే ద్రాక్షసారా. పున్నమి లోపల మాదిరికి పట్టునూలు లడి ఒకటి రంగేసి చూపించల్ల. ఆ రంగు రాకపోతే బేరం కంచి వాళ్లకు పోతాది.' విన్నావా?"

"విన్నా."

"పదహారు తానులు బావా! మూడేండ్లాయ, మబ్బు వస్తాది, మన మొగం చూసి పోతాది. సీమలో పట్టుచీర కొనే మొగోడు యాడుండాడు? మగ్గాల మీద దుమ్ము కూచుంది. నేతగాళ్లు పొద్దున్నే వచ్చి నన్ను చూసి పోతాండారు. ఈ బేరం వస్తే దీపావళి దాకా అందరికీ పని."

"వస్తాదిలే."

"రావల్లంటే రంగు చెప్పు మరి!"

"మూడోదా… అబ్బ! మూడోది వేరే లోకమప్పా. మొదట నేరేడు పండు. దాని ఎంటనే కరక్కాయ ఒగరు. ఆ ఒగరు పోకముందే కొత్తతోలు వాసన. అంతా మింగినాక, అయిపాయ అనుకుంటాంటే, నాలుక కొసన కందికట్టె పొగ. సన్నంగా."

"నాకూ ఉండాదిలే నాలుక. పచ్చి దానిమ్మ తొక్క కొరికినట్టు పంటికి పట్టుకొనె. రెండో గుక్కకు కడుపులో ఎవరో కంబళి కప్పినట్టాయె."

"ఓహో! కంబళి! బాగా చెప్పినావు. నేను ముప్పై ఏండ్లు రంగు బానలో పటిక ఎంత, పులుపు ఎంత అని నాలుకతో చూసినోన్ని, నాకు గూడా ఆ మాట రాలేదు."

"మాటలు కట్టిపెట్టు. రంగు."

"ఎరుపు."

"యా ఎరుపు? కుంకుమా? పండుమిరపా? దానిమ్మ గింజా?"

"ఆ. అట్లాంటిదే."

"అట్లాంటిదంటే ఏది?"

"ముదురు."

"ఎంత ముదురు?"

"మంచి ముదురే."

"ఏమప్పా ఇది! ఈరప్ప అంటే ధర్మవరంలో ఎంత పేరు! ఒక పోగు చూపిస్తే ఏ బానలో మునిగిందో చెప్పేటోడివి. ఒక గ్లాసు రంగు చెప్పమంటే నాలుక చప్పరిస్తాండావు!"

"ఎందుకట్ల పీడిస్తావు అన్నను? రొట్టె తిననీ."

"నువ్వెప్పుడొచ్చినావే? గమ్మునుండు ఆంజినమ్మా. ఇంగో బావా, రెండు పాత లడులు. ఈ రెండిట్లో ఆ గ్లాసుకు ఏది దగ్గర? వేలితో చూపించు చాలు."

"ఇప్పుడెందుకప్పా? రేపు ఎలుతుర్లో…"

"ఇప్పుడు మిట్ట మధ్యాన్నం! నువ్వెందుకే దగ్గుతాండావు?"

"పొయ్యి పొగ."

"పొగ యాడుండాదే ఈడ? బావా… బావా! పట్టును నాకుతాండావేంది?"

"ఇదే వెంకటేశులూ. ఇదే దగ్గర."

"బావా."

"ఊఁ."

"అది ఆకుపచ్చ."

"…ముదురు ఆకుపచ్చ గదా?"

"నగిపించొద్దు బావా. నాకు నగు వస్తాది, నగకూడదు ఇప్పుడు. ఎప్పటి నుంచి?"

"నిరుడు ఉగాది నుంచి. రెండు కండ్లకూ పొర. మనిషి ఆకారం తెలుస్తాది, గ్లాసు ఆకారం తెలుస్తాది. లోపలుండే రంగు తెలీదు. అనంతపురంలో డాక్టరు కోసి తీస్తామంటాడు. నాకు భయం."

"నాకొక మాట చెప్పకూడదా?"

"చెప్తే నువ్వు ఏమీ అనవు. అదే నా భయం. ఏమీ అనకుండా, మర్యాదగా, ఇంకొక రంగులాయన్ని చూసుకుంటావు. నీ ఎనక మిగతా మగ్గాలోళ్లు. గుడ్డోని బానలో ఎవరప్పా పట్టు ముంచేది?"

"…చూసుకుంటాంటినేమో. నీ ముందర అబద్ధమెందుకు?"

"అదే గదా నేను చెప్పేది."

"ఉండు, ఉండు. ఉగాది నుంచంటే ఏడాది దాటె. ఈ ఏడాదిలో నెమలికంఠం చీర పోయె నీ బాన నుంచి. పచ్చిపసుపు అంచు పోయె. ఆ వంగపండు రంగు చూసి బెంగళూరు సేటు చేతులు జోడించె! 'మా ఈరప్ప చేయి దేవుడి చేయి' అని నేనే ఊరంతా చెప్పుకొని తిరిగితినే! మరి ఆ రంగులన్నీ చూసిందెవరు?"

"నేను."

"నీకెందుకే మధ్యలో? నేను బావను అడుగుతాండా."

"నేనే అంటాండా. బానలో పులుపూ పటికా చూసేది అన్న నాలుక, పైన రంగు చూసేది నా కన్ను. రోజూ మజ్జిగ ఇచ్చొస్తానని పోతాంటి చూడు. మజ్జిగా ఇచ్చినా, రంగూ చూసినా."

"ఆంజినమ్మా! నువ్వా?"

"ఇప్పుడు చెయ్యి జోడిస్తావా, రొట్టె తింటావా?"

"వంగపండు రంగు… నువ్వా? ఇంట్లో కూచోని నాతో, 'అన్న ఈసారి రంగు బాగా తీసినాడు గదా' అంటివే!"

"బాగా తీసినాడు గాబట్టే అంటి. కన్ను చెల్లెలిదైనా బాన అన్నదే గదా."

"వెంకటేశులూ, నన్ను అను. ఆయమ్మను అనొద్దు. కాళ్లు పట్టుకున్నంత పని చేసినా నేను, ఎవరికీ చెప్పొద్దని."

"ఏమనల్ల బావా? ఇంకొక రంగులాయన్ని వెతకల్ల అనుకుంటే, ఆయన నా ఇంట్లోనే రొట్టెలు కొడతాండె. ముందు నువ్వు కండ్లు కోయించుకో. నీతో పాటు నేనొస్తా, చెయ్యి పట్టుకుంటా."

"బాన దగ్గరికి నన్ను రానిస్తావా మరి?"

"నాలుక ఎవరిది బావా? నీదే గదా?"

"సరే, అది తీరె. ఇప్పుడు పదహారు తానుల మాట. అన్నకు కనపడల్యా. నువ్వు చెప్పు, ఆ మూడో గ్లాసు యా రంగు? నువ్వు చెప్తే నేను తీస్తా."

"నేనా?"

"నీ రెండు కండ్లూ బాగుండాయి గదా?"

"బాగుండాయి… మూసుకొని తాగినా."

"ఏందీ?"

"మొదటిసారి గదే! భయమాయె. గ్లాసు వస్తానే, చిన్నప్పుడు ఆముదం తాగినట్టు కండ్లు గట్టిగా మూసుకొని గుటుక్కున…"

"మూడు గ్లాసులూనా?"

"మూడూ. నాలుగోది గూడా."

"నాలుగా! వెంకటేశులూ, నాతో చెప్పనే లేదే! నాలుగోది ఎట్లుండె?"

"తియ్యగా బావా. ఎండిన ద్రాక్ష తేనెలో నానేసినట్టు…"

"ఉండండి ఇద్దరూ! ఒకాయనకు కండ్లు లేవు, ఒకాయన ఉండీ మూసుకొన్యాడు. ఆ పెండ్లికూతురికి పట్టు ఎవరు రంగేయల్ల? పున్నమికి ఇంకా ఎన్నాళ్లుండాది?"

"తొమ్మిది దినాలు."

"చాలు. పొద్దున్నే పాకాల రైలుకు మూడు టికెట్లు తీసుకో. ఆ గ్లాసు నేనే దీపానికి అడ్డం పెట్టి చూస్తా."

"నువ్వొస్తావా? పాండిచ్చేరికి? ఊరికే చూసి వచ్చేస్తాం గదా?"

"చూసినాక మరి పారబోస్తారా యాడన్నా? శేరు ఉల్లిగడ్డలు చాలవు ఈసారి, శేరున్నర కట్టుకుందాం."