పదింట నిలిచిన నాలుగు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది, జూన్ పన్నెండవ తేదీన మెదడు పరిశోధన సంస్థలో, నేడు పదవీ విరమణ చేస్తున్న మన సోదరీమణి ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన నాడు ఆమెకు లభించినవి కిటికీ లేని ఒక గది, ఒక కోత యంత్రం, మూతలు బిగియని రంగు సీసాలు మాత్రమే. మరణానంతరం దానంగా వచ్చిన మెదళ్ళను పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కించడం ఆమె వృత్తి. ప్రధాన సాంకేతిక నిపుణురాలి స్థాయికి ఎదిగిన తరువాత కూడా యంత్రపు బ్లేడును స్వహస్తాలతోనే మార్చేవారు. తమ లెక్కను తామే శంకించి మళ్ళీ మళ్ళీ లెక్కించే ఆ స్వభావాన్ని చూసి సహోద్యోగులు ఆమెను 'మళ్ళీ అక్కయ్య' అని పిలుచుకున్నారు.

పార్కిన్సన్ వ్యాధిగ్రస్తుల మెదడులో కొత్త కణాలు పుడుతున్నాయా అనే పరిశోధన ఆరేళ్ళ క్రితం ఆరంభమైంది. అదే వ్యాధి తెచ్చిన చేతివణుకుతో గడియారాల దుకాణం మూసుకున్న అన్నగారు ఆమె ఇంటనే ఉంటున్నారు. రంగు పట్టి ఎర్రగా వెలిగే కొత్త కణాలు పుష్కలంగా కనిపించాయని ఆమె చెప్పిన సాయంత్రమే ఆయన ఆ శుభవార్తను వీధంతా చాటి వచ్చారు.

నివేదిక పంపడానికి రెండు రోజుల ముందు, ఎందుకో మనసొప్పక, ఆమె రంగు వేయని పొరనొకదాన్ని సూక్ష్మదర్శిని దీపం కింద పెట్టారు. అదీ వెలిగింది. ముసలి కణాలలో వయసుతో పేరుకునే మడ్డికి సహజంగానే ఆ మెరుపు ఉంటుంది. దాన్ని కూడా కొత్త కణాలలో జమ కట్టినది తామేనని గ్రహించి, నేరుగా సంచాలకుల గదికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నారు.

"ఇప్పుడా చెప్పేది?" అన్నారాయన తల పట్టుకుని.

"ఇప్పుడే తెలిసింది సార్. పంపాక తెలిసినా చెప్పేదాన్నే."

అంతకన్న కష్టమైనది ఇంట్లో చెప్పడం. అన్నగారు, "కొన్నైనా మిగులుతాయా?" అని అడిగారు.

"తెలీదన్నయ్యా. ఒక్కటీ మిగలకపోవచ్చు."

"సరే, వెళ్ళి లెక్కపెట్టు. నా మొహం చూసి మాత్రం ఒక్కటి కూడా కలపకు."

ఏ పొర రోగిదో, ఏది ఆరోగ్యవంతునిదో తెలియకుండా గుర్తులపై కాగితం అంటింపజేసి, పదకొండు వారాలు ఆమె ఆ మడ్డి మెరుపును విడదీసి మొదటినుంచి లెక్కించారు. మునుపు లెక్కకెక్కిన ప్రతి పదింట ఆరు రాలిపోయాయి, నాలుగు నిలిచాయి. గుర్తులు విప్పగా, నిలిచినవన్నీ రోగుల పొరలలోనివే. వేరొక ప్రయోగశాల, ఆమె లెక్క చూడకుండానే, అదే సంఖ్యకు చేరింది. వాడిపోవడమే తప్ప చిగురించడం ఎరుగదని అందరూ తీర్మానించిన చోట కొత్త ప్రాణం మొలిచింది. సంచాలకులు స్వయంగా ఆమె గదికి వచ్చి, నివేదికలో ఆమె పేరును మొదట రాయించారు.

ఆ సాయంత్రం ఆమె ఇంటి తలుపు దగ్గరే, "పదింట నాలుగు" అన్నారు.

"నిజంవేనా?"

"నిజంవే అన్నయ్యా."

"అయితే ఆ ఆరూ పోతే పోయాయిలే. వీధిలో మళ్ళీ నేనే చెప్పొస్తా," అంటూ అన్నగారు చెప్పులు తొడుక్కున్నారు.

అది ఇంకా మందు కాదు. మందు వెతకవలసిన చోటు. నేడు విశ్రాంత జీవితంలో అడుగిడుతున్న ఆ సోదరీమణికీ, ఆమె అన్నగారికీ, ఆ నాలుగు నలభై కావడం కళ్ళారా చూసేంతటి ఆయురారోగ్యాలు సిద్ధించుగాక.